ఆ 5 సెకన్లు ఎక్కడ పోయాయి: ఏడు సర్వీసుల ప్రాజెక్టు డైరీ

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు (బస్తాలు) దింపుకున్నప్పుడు రైతుకి ఇచ్చే రసీదు, దాని మీద అద్దె లెక్క, పేమెంట్ లింకు, చివర్న ఒక ఎస్సెమ్మెస్. మా సాఫ్ట్‌వేర్ చేసే పని ఇది. అంతా ఒకే ప్రోగ్రాముగా ఉన్న రోజుల్లో ఆఫీసులో ఎవరైనా నెలాఖరు రిపోర్టు తీస్తే గేటు దగ్గర రసీదు ఆగిపోయేది. అందుకని ఏడు సర్వీసులుగా, అంటే ఒకదాన్నొకటి నెట్‌వర్క్ మీద పిలుచుకునే ఏడు చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టాం. విడగొట్టడం మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ పెట్టడం లేదు. విడగొట్టాక ఏం చెడింది, దేంతో పట్టుకున్నాం, ఏం మార్చాం, ఎందుకు మార్చాం అన్నదే రాస్తున్నాను. మాలాగే నలుగురైదుగురితో నడిచే టీమ్‌కి కొన్ని వారాలైనా కలిసొస్తాయని ఆశ.

దశలు మేం చేసిన వరసలోనే రాశాను. ఆ వరస తప్పు. మూడో దశని మొదట చేయాల్సింది. చదివేవాళ్లు మా వరసని కాపీ చేయొద్దు.

మొదలుపెట్టేనాటికి ఉన్నవి:

- గో భాషలో రాసినవి 4: లాగిన్, రైతు ఖాతా, రసీదు, ఎస్సెమ్మెస్
- జావాలో 2: అద్దె లెక్క, రిపోర్టులు
- పైథాన్‌లో 1: పేమెంట్లు
- కుబర్నెటిస్ (సర్వీసుల్ని చాలా మెషీన్ల మీద నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్: 3 నోడ్‌లు (మెషీన్లు), ఒక్కోదానికి 2 సీపీయూలు, 8 జీబీ
- మనుషులు: నలుగురం
- నెల బిల్లు: ₹61,000

దశ 1: బిల్డ్ (నవంబరు)

నవంబరు 6. ఒక్క లైను మార్చి కమిట్ చేస్తే ఏడు ఇమేజ్‌లూ (ప్రోగ్రామునీ దానికి కావలసినవాటినీ కలిపి కట్టిన మూటలు) బిల్డ్ అయి క్లస్టర్‌లోకి చేరడానికి 14 నిమిషాల 20 సెకన్లు. ఇమేజ్‌లన్నీ కలిపి 6.6 జీబీ. గో సర్వీసు ఒక్కొక్కటీ 1 జీబీ పైనే ఉంది. ప్రోగ్రాము 20 ఎంబీ కూడా లేదు, మిగతాదంతా కంపైలరు, దానికి కావలసిన సరంజామా.

మల్టీ-స్టేజ్ బిల్డ్ డాకర్‌లో (ఇమేజ్‌లు కట్టే టూల్) 2017 నుంచీ ఉంది. ఒక స్టేజ్‌లో కంపైల్ చేసి, తయారైన ఫైలు ఒక్కటే రెండో స్టేజ్‌లోకి తీసుకోవడం. గో సర్వీసులకి డిస్ట్రోలెస్ బేస్ (షెల్ కూడా లేని అతి చిన్న ఇమేజ్) పెట్టాం, పైథాన్‌కి స్లిమ్ (కుదించిన ఇమేజ్), జావాకి జేఆర్‌ఈ (ప్రోగ్రాము నడపడానికి సరిపోయేది) మాత్రమే.

- గో: 1.05 జీబీ నుంచి 22 ఎంబీకి
- జావా: 640 ఎంబీ నుంచి 230 ఎంబీకి
- పైథాన్: 1.1 జీబీ నుంచి 190 ఎంబీకి
- మొత్తం: 6.6 జీబీ నుంచి దాదాపు 740 ఎంబీకి

నవంబరు 11. సైజు తగ్గింది, టైము తగ్గలేదు. డాకర్‌ఫైల్లో ముందు సోర్స్ అంతా కాపీ చేసి ఆ తర్వాత లైబ్రరీలు దించుతున్నాం. ఇమేజ్‌ని లేయర్ మీద లేయర్‌గా కడతారు, ఒక లేయర్ మారితే దాని తర్వాత కట్టినవన్నీ మళ్లీ కట్టాల్సిందే. కామెంట్‌లో ఒక అక్షరం దిద్దినా లైబ్రరీలన్నీ ఇంటర్నెట్ నుంచి మళ్లీ వస్తున్నాయి. ఇలా మార్చాం:

1. లైబ్రరీల జాబితా ఫైలు ఒక్కటే ముందు కాపీ.
2. లైబ్రరీలు దించడం.
3. ఆ తర్వాతే సోర్స్ కాపీ.
4. గిట్ ఫోల్డరు, టెస్ట్ డేటా డాకర్ ఇగ్నోర్ ఫైల్లోకి.

నవంబరు 14. లాప్‌టాప్‌లో బిల్డ్ 40 సెకన్లకి వచ్చింది. సీఐలో (కమిట్ కాగానే తనంతట తను బిల్డ్, టెస్టులు నడిపే చోటు) మాత్రం ఇంకా 9 నిమిషాలు. దించిన లైబ్రరీలు దాచుకోవడానికి డాకర్ బిల్డ్‌కిట్‌లోని క్యాష్ మౌంట్ వాడాం, అది ఆ మెషీన్ డిస్కులోనే ఉంటుంది. సీఐ ప్రతిసారీ కొత్త మెషీన్ ఇస్తుంది కాబట్టి అక్కడ క్యాష్ ఎప్పుడూ ఖాళీయే. లేయర్ల క్యాష్‌ని రిజిస్ట్రీలోకి (ఇమేజ్‌లు దాచే సర్వర్) పంపి అక్కణ్ణుంచి తెచ్చుకునేలా మార్చాం. క్యాష్ మౌంట్‌లో ఉన్నది మాత్రం అలా వెళ్లదు. రెండూ ఒకటే అనుకుని ఒకటిన్నర రోజు పోగొట్టుకున్నాం.

నవంబరు 19. మారిన సర్వీసునే బిల్డ్ చేసేలా స్క్రిప్టు రాశాం: 3 నిమిషాల 50 సెకన్లు. రెండు రోజులకే దెబ్బ తగిలింది. అన్ని గో సర్వీసులూ వాడే లాగింగ్ లైబ్రరీని మార్చాం. స్క్రిప్టు సర్వీసు ఫోల్డర్లనే చూసింది, లైబ్రరీ ఫోల్డరుని చూడలేదు. రెండు సర్వీసుల్లో రసీదు నంబరు ఒక పేరుతో, మిగతా రెండింట్లో ఇంకో పేరుతో లాగ్ అయింది. ఏ లైబ్రరీ మారితే ఏ సర్వీసులు మళ్లీ కట్టాలో ఒక ఫైల్లో రాసి, స్క్రిప్టు దాన్నే చదివేలా చేశాం. ఆ ఫైల్లో లేని ఫోల్డరు మారితే ఏడూ బిల్డ్ అవుతాయి. అనుమానం వచ్చిన చోట నిదానంగా ఉండటమే మేలు.

ఇప్పటిదాకా: 26 గంటలు. బిల్డ్ 14:20 నుంచి 3:50కి. బిల్లులో మార్పు లేదు.

దశ 2: లాప్‌టాప్‌లో నడపడం (డిసెంబరు)

ఇది తొందరగా దాటేస్తాను.

ఏడు సర్వీసులూ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, మెసేజ్‌లు క్యూలో పెట్టే ర్యాబిట్‌ఎంక్యూ, వీటన్నిటితో ఒక కైండ్ క్లస్టర్ (లాప్‌టాప్‌లోనే నడిచే కుబర్నెటిస్). 16 జీబీ లాప్‌టాప్ మీద ఇవన్నీ లేస్తాయి, కానీ ఎడిటర్‌లో టైప్ చేసిన అక్షరం కాసేపాగి కనిపిస్తుంది. వారం రోజులు ఓపికపట్టి ఆ పద్ధతి మానేశాం. ఇప్పుడు అందరికీ కలిపి ఒక డెవలప్‌మెంట్ క్లస్టర్ ఉంది. ఎవరు ఏ సర్వీసు మీద పనిచేస్తే అది ఒక్కటే వాళ్ల లాప్‌టాప్‌లో నడుస్తుంది. టెలిప్రెజెన్స్ అనే టూల్ ఆ సర్వీసుకి వచ్చే రిక్వెస్టుల్ని లాప్‌టాప్‌కి మళ్లిస్తుంది. ఇద్దరు ఒకే సర్వీసుని మళ్లిస్తే ఒకరి రిక్వెస్టులు ఇంకొకరికి పోతాయి కాబట్టి, ఒక హెడర్ (రిక్వెస్టుతో పాటు వెళ్లే చిన్న చీటీ) ఉన్న రిక్వెస్టులే మళ్లేలా పెట్టుకున్నాం. హెడర్ విలువ వాళ్ల పేరే.

డిసెంబరు 12. అద్దె లెక్క సర్వీసు రోజుకి రెండు మూడుసార్లు చచ్చిపోతోంది. ఎగ్జిట్ కోడ్ 137. అంటే 128కి 9 కలిపితే వచ్చేది, 9 అంటే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పంపిన కిల్ సిగ్నల్. పాడ్ (కుబర్నెటిస్‌లో ఒక సర్వీసు నడిచే డబ్బా) మెమరీ లిమిట్ 512 ఎంబీ, జావా హీప్ (ప్రోగ్రాము డేటా ఉండే మెమరీ) కూడా సరిగ్గా 512 ఎంబీ ఇచ్చాం. జావాకి హీప్ ఒక్కటే చాలదు. క్లాసుల సమాచారం, థ్రెడ్‌ల స్టాక్‌లు, నెట్‌వర్క్ బఫర్లు అన్నీ హీప్ బయటే ఉంటాయి. హీప్ నిండకముందే పాడ్ లిమిట్ దాటుతోంది. కొలిచి చూస్తే హీప్ బయట 170 నుంచి 190 ఎంబీ వాడుతోంది. లిమిట్ 768 చేసి, హీప్‌ని ఎంబీల్లో కాక లిమిట్‌లో 70 శాతంగా ఇచ్చాం. అసలు ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే జావా నాలుగో వంతే తీసుకుంటుంది, అదీ నష్టమే.

ఇప్పటిదాకా: 44 గంటలు. 137లు రోజుకి 2–3 నుంచి సున్నాకి.

దశ 3: ఆ 5 సెకన్లు (ఫిబ్రవరి, మార్చి)

ఫిబ్రవరి 9. సీజన్ మొదలైంది. ఆరు స్టోరేజీల్లో కలిపి రోజుకి 900 రసీదుల దాకా పడుతున్నాయి. పొద్దున్నే ఒక స్టోరేజీ గుమాస్తా గారు ఫోన్ చేశారు.

“బాబూ, మొదటిసారి నొక్కితే తిరుగుతానే ఉంది. మళ్లీ నొక్కితే రైతుకి రెండు లింకులు పోయినయ్. ఏది కట్టాలయ్యా అని నన్ను నిలదీస్తన్నాడు. ఏం చెప్పమంటావ్?”

“రెండోది కట్టొద్దని చెప్పండి బాబాయ్, నేను కొట్టేస్తాను. ఇంకోసారి ఇట్టా అయితే టైమ్ ఎంతయిందో ఒక్కమాట రాసిపెట్టండి.”

ఆయన గేటు రిజిస్టరు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశారు. మూడు రోజుల్లో 11 టైములు, సెకన్లతో సహా. ఈ దశ మొత్తంలో మాకు దొరికిన మొదటి నమ్మకమైన కొలత ఆ పేజీ ఫోటోయే.

కొలతలు తీశాం:

- మధ్యస్థం: 310 మిల్లీ సెకన్లు
- వందలో 95 రసీదులు: 640 మిల్లీ సెకన్ల లోపు
- వందలో 99: 5.4 సెకన్ల లోపు
- 5 సెకన్లు దాటినవి: 1.8 శాతం, అంటే రోజుకి 16

సగటు చూస్తే ఏమీ కనపడదు. సగటు చూసి “బాగానే ఉంది కదా” అని నేను జనవరిలోనే ఒకసారి ఈ ఫిర్యాదుని పక్కనపెట్టాను. దానికి ఆ గుమాస్తా గారికి క్షమాపణ చెప్పాను.

ఫిబ్రవరి 10 నుంచి 13. నాలుగు రోజులు లాగ్‌లతోనే గడిచాయి. రసీదు సర్వీసు లాగ్‌లో ‘అద్దె లెక్కని అడిగాను’ అని 10:42:07కి ఉంది, ‘జవాబు వచ్చింది’ అని 10:42:12కి. అద్దె లెక్క లాగ్ చూస్తే ఆ ఐదు సెకన్లలో 14 రిక్వెస్టులు. మనది ఏది? చెప్పే ఆధారం లేదు. ఒకే ప్రోగ్రాముగా ఉన్నప్పుడు స్టాక్ ట్రేస్ చూస్తే ఎవరు ఎవర్ని పిలిచారో తెలిసిపోయేది. విడగొట్టిన రోజే ఆ దారం తెగిపోయింది, దాని చోట ఇంకోటి కట్టకుండానే మూడు నెలలు నడిపాం.

ఫిబ్రవరి 13 సాయంత్రం ఒక తప్పు చేశాం, ఇది కాపీ చేయొద్దు. అద్దె లెక్క పిలుపుకి 3 సెకన్ల టైమ్‌అవుట్ పెట్టి, దాటితే రెండుసార్లు మళ్లీ ప్రయత్నించేలా మార్చాం. మర్నాటికల్లా జంట లింకులు రెట్టింపయ్యాయి. మొదటి రిక్వెస్టు ఆగిపోలేదు, వెనకాల నడుస్తూనే ఉంది. దాని లింకూ వెళ్లింది, రెండోసారి పంపినదాని లింకూ వెళ్లింది. గుమాస్తా గారు బటన్ మళ్లీ నొక్కినట్టే మా ప్రోగ్రామూ నొక్కింది. మధ్యాహ్నానికి వెనక్కి తీసేశాం.

ముందు చేయాల్సింది ఇది, ఫిబ్రవరి 15న చేశాం:

1. రసీదు ఫారం తెరిచిన క్షణంలోనే ఒక ప్రత్యేక నంబరు పుట్టించడం.
2. బటన్ ఎన్నిసార్లు నొక్కినా అదే నంబరు వెళ్లడం.
3. పేమెంట్లు డేటాబేస్‌లో ఆ నంబరు మీద యూనిక్ ఇండెక్స్ (ఒక నంబరు ఒక్కసారే నమోదయ్యే కట్టుబాటు).
4. అదే నంబరు రెండోసారి వస్తే కొత్త లింకు కాకుండా పాత లింకునే తిరిగి ఇవ్వడం.

ఫిబ్రవరి మొదటి 15 రోజుల్లో 23 జంట లింకులు పడ్డాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. నిదానం అలాగే ఉంది, కానీ రైతు జేబుకి ఇక దెబ్బ తగలదు. దాంతో తొందర లేకుండా వెతికే వీలు దొరికింది.

ఫిబ్రవరి 17. ట్రేసింగ్. గూగుల్ 2010లో డాపర్ పేపరులో రాసిన పద్ధతే: రిక్వెస్టు గుమ్మంలో అడుగుపెట్టగానే దానికో ఐడీ, అది వెళ్లిన ప్రతి చోటికీ ఆ ఐడీ వెంట వెళ్లాలి. ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అని వేరువేరుగా ఉన్న ట్రేసింగ్ ప్రాజెక్టులు 2019లో కలిసి ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాయి. మేం దాన్నే వాడాం, చూడటానికి జేగర్. ఐడీ వెళ్లేది ట్రేస్‌పేరెంట్ అనే హెడర్‌లో. మొత్తం 55 అక్షరాలు: వెర్షన్ 2, ట్రేస్ ఐడీ 32, పిలిచినవాడి ఐడీ 16, ఫ్లాగులు 2, మధ్యలో మూడు గీతలు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. హెడర్ ఎక్కడ తెగిందో కళ్లతో చూసి పట్టుకోవాల్సిన రోజు వస్తుంది.

మాకు మూడుచోట్ల తెగింది.

జావా వైపు ఏజెంట్ (ట్రేస్‌లు తనే రాసుకునే లైబ్రరీ) జోడిస్తే చాలు, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. గో వైపు అలా కాదు. కాంటెక్స్ట్‌ని (ట్రేస్ ఐడీని మోసుకెళ్లేది) ప్రతి ఫంక్షన్‌కీ చేతికందించాలి. రసీదు సర్వీసులో ఒకచోట మధ్యలో కొత్త ఖాళీ కాంటెక్స్ట్ పుట్టించాం, అక్కణ్ణుంచి ట్రేస్ వేరే అయిపోయింది. పైథాన్‌లో థ్రెడ్ పూల్‌కి పని అప్పగించినచోట కాంటెక్స్ట్ కొత్త థ్రెడ్‌లోకి వెళ్లలేదు, చేత్తో అందించాల్సి వచ్చింది. మూడోది క్యూ. ర్యాబిట్‌ఎంక్యూలో మెసేజ్ పెట్టే ముందు ట్రేస్‌పేరెంట్‌ని మెసేజ్ హెడర్లలోకి మనమే రాయాలి, తీసేవైపు మనమే చదవాలి.

ఫిబ్రవరి 23. ట్రేస్‌లు వస్తున్నాయి, కావలసినవి రావడం లేదు. ఖర్చని పదింట ఒకటే దాస్తున్నాం. ఆ నిర్ణయం రిక్వెస్టు మొదట్లోనే జరిగిపోతుంది, అది నిదానించబోతోందని అప్పటికి ఎవరికీ తెలియదు. రోజుకి 16 నిదానం రసీదుల్లో దొరుకుతున్నది ఒకటో రెండో. టెయిల్ శాంప్లింగ్‌కి మారాం. ట్రేస్ పూర్తయ్యాక కలెక్టర్ (ట్రేస్‌లు పోగుచేసే ప్రోగ్రాము) చూసి నిర్ణయిస్తుంది: తప్పు వచ్చినవి అన్నీ, 2 సెకన్లు దాటినవి అన్నీ, మిగతావాటిలో 5 శాతం.

ఇందులోనూ ఒక గుంట ఉంది. కలెక్టర్లు రెండు నడుపుతున్నాం. ఒకే ట్రేస్‌లో సగం స్పాన్‌లు (ఒక్కో పిలుపు రికార్డు) ఒకదానికి, సగం ఇంకోదానికి వెళ్లాయి. ఏ కలెక్టరూ పూర్తి ట్రేస్ చూడలేదు కాబట్టి నిర్ణయాలన్నీ తప్పు. ఒకే ట్రేస్ ఐడీ ఉన్నవన్నీ ఒకే కలెక్టర్‌కి చేర్చే పొర ముందు పెట్టాలి, లేదా ఒక్క కలెక్టరే నడపాలి. మా పరిమాణానికి ఒక్కటి చాలు, ఒకటే ఉంచాం.

ఫిబ్రవరి 26, ఉదయం 11:18. మొదటి పూర్తి ట్రేస్. ఆ అంకెలు ఇక్కడ అలాగే దించుతున్నాను:

- రసీదు: 5,312 మిల్లీ సెకన్లు
- అందులో అద్దె లెక్క: 5,240
- అందులో పేమెంట్లు: 5,205
- అందులో బయటి పేమెంట్ గేట్‌వేకి వెళ్లొచ్చిన పిలుపు: 176
- ఆ పిలుపుకి ముందు ఖాళీ: 5,006

జేగర్‌లో అడ్డంగా పొడవాటి పట్టీ, చివర్న చిన్న ముక్క. మధ్యలో ఏ స్పానూ లేని తెల్లటి జాగా. అప్పటిదాకా మేం గేట్‌వే వాళ్లనే అనుమానించాం. వాళ్లు 176 మిల్లీ సెకన్లలో జవాబిచ్చేశారు. గుమాస్తా గారి మార్జిన్ టైములతో ఆ రోజు నాలుగు ట్రేస్‌లు సరిపోలాయి. నాలుగింటిలోనూ ఖాళీ 5,003 నుంచి 5,011 మధ్యే.

నిదానం అన్నది మామూలుగా ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ప్రతిసారీ 5 సెకన్లే అంటే అది పని బరువు కాదు, ఎవరో టైమ్‌అవుట్ దాకా ఎదురుచూస్తున్నారు. లినక్స్‌లో డీఎన్‌ఎస్ (పేరుకి ఐపీ చిరునామా చెప్పేది) జవాబు రాకపోతే రిజాల్వర్ (ఆ ప్రశ్న అడిగే భాగం) ఎదురుచూసే డిఫాల్ట్ సరిగ్గా 5 సెకన్లు.

ఫిబ్రవరి 27. పాడ్‌లోకి వెళ్లి చూద్దామంటే స్లిమ్ ఇమేజ్‌లో డీఎన్‌ఎస్‌ని అడిగి చూసే డిగ్ లేదు, ప్యాకెట్లు పట్టే టీసీపీడంప్ లేదు. ఇమేజ్‌లో అవి పెట్టక్కర్లేదు. కుబర్నెటిస్‌లో ఎఫిమెరల్ కంటెయినర్లు 1.25 వెర్షన్ నుంచి స్థిరపడ్డాయి. నడుస్తున్న పాడ్ పక్కనే టూల్స్ ఉన్న ఇంకో కంటెయినరు తగిలించొచ్చు, నెట్‌వర్క్ ఇద్దరికీ ఒకటే.

1. కుబ్‌సీటీఎల్ డీబగ్ కమాండ్‌తో నెట్‌షూట్ ఇమేజ్ (నెట్‌వర్క్ టూల్స్ ఉన్నది) తగిలించడం.
2. టీసీపీడంప్‌తో డీఎన్‌ఎస్ వాడే 53వ పోర్టు వినడం, ఫైల్లోకి రాయడం.
3. జేగర్‌లో కొత్త నిదానం ట్రేస్ కనపడగానే ఆ క్షణం ప్యాకెట్లు చూడటం.
4. పనయ్యాక పాడ్‌ని తీసేసి కొత్తది రానివ్వడం. తగిలించిన కంటెయినరుని విడిగా తీయలేం, పాడ్ పోతేనే అదీ పోతుంది.

ఫైలు తెరిస్తే రెండు సంగతులు కనపడ్డాయి.

మొదటిది: గేట్‌వే పేరు కోసం ఒక్కసారి అడిగితే 10 ప్రశ్నలు వెళ్తున్నాయి. కుబర్నెటిస్ పాడ్‌లో ఎన్‌డాట్స్ అనే డీఎన్‌ఎస్ సెట్టింగు విలువ 5. పేరులో ఐదు చుక్కల కంటే తక్కువుంటే అది లోపలి పేరేమోనని ముందు సెర్చ్ జాబితాలోని డొమైన్లన్నీ తగిలించి అడుగుతుంది. మాకు జాబితాలో కుబర్నెటిస్‌వి మూడు, క్లౌడ్ నోడ్‌ది ఒకటి. గేట్‌వే పేరులో చుక్కలు రెండే. నాలుగు తప్పు పేర్లు, ఒక్కోదానికి ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి, మొత్తం 8 వృథా. చివరి రెండే అసలువి.

రెండోది: ఆ జంట ప్రశ్నలు ఒకే సాకెట్ (నెట్‌వర్క్ ద్వారం) నుంచి ఒకేసారి బయల్దేరతాయి. పైథాన్ ఇమేజ్‌లో ఉన్న సీ లైబ్రరీ జీలిబ్‌సీ అలాగే చేస్తుంది. కుబర్నెటిస్‌లో డీఎన్‌ఎస్ సర్వీసు ఐపీని అసలు పాడ్ ఐపీగా కెర్నెల్ మార్చాలి, ఆ మార్పుని కనెక్షన్ల పట్టికలో రాసుకోవాలి. రెండు ప్యాకెట్లూ ఒకే క్షణంలో రాయబోతే ఒకటి ఓడిపోతుంది, దాన్ని కెర్నెల్ చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. జవాబు రాదు, 5 సెకన్లు ఎదురుచూపు, మళ్లీ ప్రశ్న. నోడ్ మీద కాన్‌ట్రాక్ (ఆ పట్టిక పేరే) లెక్కల్లో ఇన్సర్ట్ ఫెయిల్డ్ అనే అంకె ఉంటుంది. పొద్దున 4,118, సాయంత్రం 4,631. అది పెరుగుతోందంటే మీకూ ఇదే జబ్బు.

గో సర్వీసుల్లో ఇది ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. గో సొంత రిజాల్వర్ ఆ రెండు ప్రశ్నల్నీ వేరు వేరు సాకెట్ల నుంచి పంపుతుంది.

మార్చి 2. మందులు, ఒక్కోసారి ఒక్కటే, కొలుస్తూ:

1. గేట్‌వే పేరు చివర చుక్క పెట్టి చూశాం, అలా పెడితే సెర్చ్ జాబితా వాడదు. ప్రశ్నలు 2కి తగ్గాయి, కానీ ఆ చుక్క హోస్ట్ హెడర్‌లోకీ వెళ్లి గేట్‌వే 404 (దొరకలేదు) ఇచ్చింది. అరగంటలో వెనక్కి తీసేశాం.
2. పాడ్ డీఎన్‌ఎస్ కాన్ఫిగ్‌లో ఎన్‌డాట్స్ 2. ప్రశ్నలు 10 నుంచి 2కి. నిదానం రసీదులు 1.8 శాతం నుంచి 0.4 శాతానికి. వందలో 99 రసీదులు 0.9 సెకన్ల లోపు.
3. మార్చి 6న నోడ్‌లోకల్ డీఎన్‌ఎస్ క్యాష్. ప్రతి నోడ్ మీద ఒక చిన్న డీఎన్‌ఎస్ ఏజెంట్, పాడ్ ప్రశ్న అక్కడికే వెళ్తుంది. మధ్యలో ఐపీ మార్పిడీ లేదు, పట్టికా లేదు. అక్కణ్ణుంచి కోర్‌డీఎన్‌ఎస్‌కి (క్లస్టర్ అసలు డీఎన్‌ఎస్ సర్వర్) టీసీపీలో వెళ్తుంది.

తర్వాతి 9 రోజుల్లో 8,000 పైచిలుకు రసీదులు. 5 సెకన్లు దాటినవి: 0.

ఇప్పటిదాకా: 115 గంటలు. ఈ ఒక్క దశకే 71, అందులో 30 గంటలకి పైగా ట్రేస్ లేకుండా లాగ్‌లు చదివినవే. నెల బిల్లు ఫిబ్రవరిలో ₹78,000కి ఎక్కింది, ట్రేస్‌లు దాచే డిస్కు వల్ల. టెయిల్ శాంప్లింగ్ పెట్టి, 7 రోజులకి మించి దాచకుండా చేశాక మార్చిలో ₹66,500.

దశ 4: తాళాలు (మార్చి నుంచి మే)

మార్చి 18. ట్రివీతో (ఇమేజ్‌లలో సెక్యూరిటీ లోపాలు వెతికే టూల్) స్కాన్. పోల్చుకోవడానికి రిజిస్ట్రీలో మిగిలిన నవంబరు ఇమేజ్‌లు కూడా స్కాన్ చేశాం. పాత ఏడింట్లో కలిపి 1,863 లోపాలు, క్రిటికల్ 41. ఇప్పటివాటిలో 212, క్రిటికల్ 3. మధ్యలో సెక్యూరిటీ పేరుతో మేం చేసిన పని ఏమీ లేదు, మొదటి దశలో అనవసరమైనవి ఇమేజ్ నుంచి తీసేయడమే.

ఆ 212లో ఏ ఒక్కటి ఉన్నా బిల్డ్ ఆపాలని మొదట రూల్ పెట్టాం. రెండు రోజులు ఏదీ డిప్లాయ్ కాలేదు, ఎందుకంటే వాటిలో చాలావాటికి ఇంకా ప్యాచ్ రాలేదు. ఇప్పటి రూల్: ప్యాచ్ ఉండీ వేసుకోని హై, క్రిటికల్ ఉంటేనే బిల్డ్ ఆగుతుంది. మిగతావి సోమవారం పొద్దున ఒకరు కూర్చుని చూస్తారు. మొదటి జాబితాలో 37 వచ్చాయి, నాలుగు రోజుల్లో అయిపోయాయి.

ప్రతి ఇమేజ్‌లో ఏయే లైబ్రరీలున్నాయో సిఫ్ట్ అనే టూల్‌తో జాబితా తీసి దాస్తున్నాం. 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జేలో లాగ్4షెల్ అనే లోపం (సీవీఈ-2021-44228) బయటపడ్డప్పుడు నేను వేరేచోట పనిచేసేవాణ్ణి. ఆ లైబ్రరీ జార్ ఫైలు మన దగ్గర ఎక్కడెక్కడ ఉందన్న ఒక్క ప్రశ్నకి జవాబు దొరకడానికి రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు జాబితాల్లో వెతికితే నిమిషం.

మార్చి 24. గిట్‌లీక్స్ టూల్‌తో రిపోలు (కోడ్ దాచే చోట్లు) వెతికితే 6 పాస్‌వర్డులు, కీలు బయటపడ్డాయి. నాలుగు ఎప్పుడో తీసేసిన ఫైళ్లలోవి. ఫైలు తీసేసినా గిట్ చరిత్రలో ఉంటుంది, ఇమేజ్‌లో కూడా పై లేయర్‌లో తీసేసినా కింది లేయర్‌లో ఉంటుంది. వరస ముఖ్యం: ముందు కీ మార్చాలి, ఆ తర్వాతే చరిత్ర శుభ్రం చేయాలి. కుబర్నెటిస్ సీక్రెట్‌లో పెట్టాం కదా అని ధీమా వద్దు, అది బేస్64 మాత్రమే, ఎవరైనా విప్పి చదవొచ్చు. మేం ఎట్‌సీడీలో (కుబర్నెటిస్ డేటాబేస్) ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, సీక్రెట్‌లు చదివే హక్కు ఇద్దరికే ఉంచాం.

సీఐలో వాడే బయటి యాక్షన్లు (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ స్టెప్పులు) అన్నిటినీ ట్యాగ్ (కమిట్‌కి పెట్టే పేరు) బదులు 40 అక్షరాల కమిట్ ఐడీకి కట్టాం. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల యాక్షన్‌ని ఎవరో చేజిక్కించుకుని, పాత ట్యాగ్‌లనే చెడ్డ కమిట్‌కి తిప్పారు. ట్యాగ్ పేరు మారలేదు, లోపలున్నది మారింది.

ఏప్రిల్ 7. నెట్‌వర్క్ పాలసీలు, అంటే ఏ సర్వీసు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే రూల్స్. ఎస్సెమ్మెస్ సర్వీసుకి పేమెంట్లు డేటాబేస్‌తో పనిలేదు, దారే ఉండకూడదు. పాలసీ రాసి డెవలప్‌మెంట్ క్లస్టర్‌లో పెట్టాం, కుబర్నెటిస్ ‘క్రియేటెడ్’ అంది. ఊరుకోకుండా ఎస్సెమ్మెస్ పాడ్ పక్కన నెట్‌షూట్ తగిలించి డేటాబేస్ వాడే 5432 పోర్టుకి కనెక్ట్ అయి చూశాను. తలుపు తీసే ఉంది. ఆ క్లస్టర్‌లో ఉన్న నెట్‌వర్క్ ప్లగిన్ ఫ్లానెల్, అది దానంతటది పాలసీలు అమలు చేయదు. ఏపీఐ సర్వర్ కాగితం తీసుకుంటుంది, కాపలా మాత్రం ప్లగిన్ పని. పాలసీలు అమలు చేసే కాలికో ప్లగిన్ పెట్టాక తలుపు మూసుకుంది. పాలసీ రాసిన ప్రతిసారీ రెండు పరీక్షలు: వెళ్లకూడని చోటికి వెళ్లలేకపోవాలి, వెళ్లాల్సిన చోటికి వెళ్లగలగాలి. రెండూ ఇప్పుడు సీఐలో నడుస్తాయి.

ఏప్రిల్ 10. బయటికెళ్లే దారులన్నీ మూసి, కావలసినవి తెరవడం. మూయగానే డెవలప్‌మెంట్‌లో ఏడూ పడిపోయాయి. 53వ పోర్టు మర్చిపోలేదు, కోర్‌డీఎన్‌ఎస్ పాడ్‌లకి అనుమతి ఇచ్చాం. కానీ మూడో దశ తర్వాత మా ప్రశ్నలు కోర్‌డీఎన్‌ఎస్‌కి నేరుగా వెళ్లడం లేదు, నోడ్ మీది ఏజెంట్‌కి వెళ్తున్నాయి. దాని చిరునామా 169.254.20.10ని విడిగా తెరవాల్సి వచ్చింది, యూడీపీ, టీసీపీ రెండింటికీ. సర్వీసులు లేచాయి, కానీ జేగర్ ఖాళీ. ట్రేస్‌లు వెళ్లే 4317 పోర్టు మూసేశాం. అరగంట ఏమీ కనపడకుండా పనిచేశాక అర్థమైంది. మీరు పాలసీలు రాస్తే మొట్టమొదట తెరవాల్సిన రెండు దారులు డీఎన్‌ఎస్, ట్రేస్ కలెక్టర్.

169.254.169.254ని మాత్రం అందరికీ మూసేశాం. నోడ్‌కి క్లౌడ్ ఇచ్చే తాత్కాలిక కీలు అక్కడ దొరుకుతాయి. 2019లో అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు డేటా దొంగతనానికి వాడిన కీలు ఆ చిరునామా నుంచే తీసుకున్నారు.

మే 5. సర్వీసుల మధ్య ఎమ్‌టీఎల్‌ఎస్ (రెండువైపులా సర్టిఫికెట్ చూపించుకునే ఎన్‌క్రిప్షన్) కోసం లింకర్డీ డెవలప్‌మెంట్‌లో పెట్టాం. 14 పాడ్‌లకి మధ్యవర్తులుగా 14 ప్రాక్సీలు, అన్నీ కలిపి మెమరీ 300 ఎంబీ లోపు, రసీదు సమయం మీద 4 మిల్లీ సెకన్లు. భరించొచ్చు. జాగ్రత్తపడాల్సింది వేరేచోట ఉంది: ఇన్‌స్టాల్ కమాండ్ తనంతట తను పుట్టించే మూల సర్టిఫికెట్ గడువు 365 రోజులు. ఈ మేలో పెడితే వచ్చే మేలో, సీజన్ మధ్యలో, సర్వీసులన్నీ ఒకదాన్నొకటి నమ్మడం మానేస్తాయి. సర్ట్-మేనేజర్ అనే టూల్‌తో ఇష్యూయర్ సర్టిఫికెట్ (సర్వీసుల సర్టిఫికెట్లు జారీచేసేది) దానంతటదే మారేలా చేసి, మూల సర్టిఫికెట్‌ని పదేళ్లకి మేమే పుట్టించుకుని, గడువుకి 60 రోజుల ముందు అలర్ట్ పెట్టాకే అసలు క్లస్టర్‌లోకి తీసుకెళ్తాం. జూన్ పని అది.

ఇప్పటిదాకా:

- గంటలు: 173
- బిల్డ్: 14:20 నుంచి 3:50కి
- రసీదు, వందలో 99: 5.4 సెకన్ల నుంచి 0.7 సెకన్లకి
- జంట లింకులు, ఫిబ్రవరి 15 తర్వాత: 0
- ప్యాచ్ ఉండీ వేయని హై, క్రిటికల్ లోపాలు: 0
- నెల బిల్లు: ₹66,500

మే 16, తెరిచి ఉన్న పని

ట్రేస్ ఇంకా ఒకచోట తెగుతోంది. ఎస్సెమ్మెస్ కంపెనీకి మనం పంపేది కనపడుతుంది, రైతు ఫోన్‌కి చేరిందని వాళ్లు తిరిగి కొట్టే పిలుపులో మన ఐడీ ఉండదు. వాళ్ల ఏపీఐలో ‘కస్టమర్ రిఫరెన్స్’ అని 36 అక్షరాల గడి ఉంది. ట్రేస్‌పేరెంట్ 55 అక్షరాలు, పట్టదు. అందులో 32 అక్షరాల ట్రేస్ ఐడీ ఒక్కటే పెట్టి, తిరిగొచ్చిన పిలుపుని కొత్త ట్రేస్‌గా మొదలుపెట్టి పాతదానికి లింకు వేసేలా రాశాను. ఈ సాయంత్రం ఒక్క స్టోరేజీకే ఆన్ చేశాను, గేటు రిజిస్టరులో టైములు రాసిపెట్టిన ఆ గుమాస్తా గారి స్టోరేజీకి. సోమవారం ఆయన దగ్గర చేరినవి, చేరనివి లెక్క తీసుకుని జేగర్‌తో పోల్చాలి.